లైల్ పీకేసే ప్లగ్గు

హాకర్
మే, రెండో వారం

అక్కకి,

నీకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు. చెవులు రెండూ ఆ వర్క్‌షాపు గ్రైండర్లకి ధారపోశావు. మెసేజీ పెడితే "ఆ చీమల్లాంటి అక్షరాలు నాకు ఆనవు" అంటావు. సరే, మన చిన్నప్పటిలాగే కాగితమూ స్టాంపూ. ఒకందుకు నాకూ ఇదే హాయి. ఎదురుగా ఉంటే నువ్వు నన్ను సగం మాట కూడా చెప్పనివ్వవు.

మేం బాగున్నాం. చలికాలం వచ్చేస్తోంది, పగలు ఎండ, సాయంత్రమయ్యేసరికి చలి. రోజుకో చోట ఆగుతున్నాం. ఇల్లమ్మేసి క్యారవాన్ కట్టుకుని దేశాల మీద పడ్డామని నువ్వు మొహం మాడ్చుకున్నావు గానీ, నాకు మాత్రం గడప కడగక్కర్లేదు, గడ్డి కొయ్యక్కర్లేదు. నీ మోకాలు ఎలా ఉంది? ఆపరేషన్‌కి రమ్మని పిలిచారా లేదా?

నిన్నొకటి అడగాలి. క్యారవాన్‌లో బ్యాటరీ నిలవడం లేదు. పైకప్పు మీది సోలార్ పలక మొన్న వడగళ్ళకి బీటలిచ్చింది, దాని మీద ఆశ వదులుకున్నాం. కారు నడుస్తుంటే దాని డైనమో నుంచి వెనకాల బ్యాటరీకి కూడా ఛార్జింగ్ ఎక్కాలి కదా? రోజంతా నడుపుతూనే ఉన్నాం. అయినా పొద్దుగూకేసరికి ఫ్రిజ్ ఆగిపోతోంది. పాలు విరిగిపోయాయి. సాసేజీలు కాకులకి వేస్తే అవి కూడా ఓసారి చూసి పక్కకి తప్పుకున్నాయి. ఫ్రిజ్ పోతే పోనీ. మంచం పక్కన చిన్న బల్బు ఒకటుంది, అది తెల్లవార్లూ వెలగాలి. అది మిణుకుమిణుకుమని ఆరిపోతోంది. అదొక్కటీ మాత్రం కుదరదు.

లైల్‌ని అడగొచ్చుగా, ఆ వైరింగంతా అతని చేతి పనేగా అంటావు. "నేను రిటైరయ్యాను, నన్నొదిలెయ్" అంటున్నాడు నీ మరిది. బ్యాటరీ పాతబడిందేమో, కొత్తది కొనమంటావా? మారీ పోస్టాఫీసుకి రాయి. వచ్చే నెల అక్కడికి చేరతాం.

నీ చెల్లి,
నరెల్


రెన్‌మార్క్
మే నెలాఖరు

ఒసే నరెల్,

బ్యాటరీ కొనకు. ముందు సామాను కొనేసి ఆ తర్వాత రోగం వెతికేవాళ్ళ వల్లే నేనూ మీ బావా ఇన్నేళ్ళు పొట్ట పోసుకున్నాం. నువ్వూ ఆ జాబితాలో చేరకు.

రెండు సంగతులు చూడు. ఇప్పటి కార్ల డైనమోలు వట్టి పిసినారివి. ముందున్న సొంత బ్యాటరీ నిండిందనిపిస్తే చాలు, చెయ్యి ముడుచుకుంటాయి. వెనక ఇంకో బ్యాటరీ ఆకలితో ఉందన్న చింత వాటికి లేదు. అంచేత పట్టపగలైనా హెడ్‌లైట్లు వేసుకుని నడపండి. లైట్లు వెలుగుతుంటే డైనమో కాస్త ఒళ్ళొంచి పని చేస్తుంది, ఆ ఊపులో వెనక్కీ ఇంత పోతుంది. రెండోది, కారుకీ క్యారవాన్‌కీ మధ్య కొక్కెం దగ్గర, గుప్పిట్లో పట్టేంత బూడిదరంగు ప్లగ్గు ఉంటుంది. ఛార్జింగంతా అందులోంచే పోవాలి. అది గట్టిగా కూర్చుందో లేదో చూడు. బయల్దేరేటప్పుడు చూడు, దారిలో ఆగినప్పుడు చూడు.

బ్యాటరీ సంగతి అయిపోయింది. ఇక నీ సంగతి.

లైల్ వైర్ల జోలికి పోనన్నాడా? మీ బావ అంత్యక్రియలకి వచ్చి, జనమంతా టీ తాగుతుంటే మా ఇంటి ఫ్యూజు బోర్డు విప్పి కూర్చున్న మనిషి! "వదినా, ఎవడు చేశాడీ పని, వాణ్ణి ఉరి తియ్యాలి" అని నన్నే తిట్టాడు. రైల్వే సిగ్నళ్ళతో బతుకంతా కుస్తీ పట్టినవాడు ఒక్క ప్లగ్గు చూసుకోలేడా? ఆ బల్బు తెల్లవార్లూ ఎందుకు వెలగాలి? నీకు చీకటంటే భయమా? కోళ్ళ గూట్లో దాక్కుని నన్ను భయపెట్టినదానివి నువ్వు.

ఏదో దాస్తున్నావు. నాకు చెవులు పోయాయి గానీ చదవడం వచ్చు.

కోరల్


మారీ
జూన్, మూడో వారం

అక్కా,

నీ దగ్గర దాచడం నా వల్ల ఎప్పుడైనా అయిందా?

ప్లగ్గు ఊడి ఉంది. వదులుగా ఉండటం కాదు, పూర్తిగా తీసి, దుమ్ము పడకుండా మూత పెట్టి, వైరు చక్కగా చుట్టి కొక్కెం మీద పెట్టి ఉంది. నేను మళ్ళీ తగిలించాను. మధ్యాహ్నం టీకని ఆగాం. మళ్ళీ బయల్దేరబోతూ చూస్తే మళ్ళీ ఊడి ఉంది. పీకుతున్నది లైల్. "ఎందుకు పీకావు?" అంటే, "బండి ఆగితే పీకాలి పిల్లా. అంతే" అన్నాడు. "మరి బయల్దేరేటప్పుడు పెట్టాలిగా?" అన్నాను. నా మొహంలోకి చూసి, "ఏది?" అన్నాడు.

పీకడం గుర్తుంది. పెట్టడం పోయింది. నేనేం దాస్తున్నానో ఇప్పుడు అర్థమైందా?

రెండేళ్ళయింది. డాక్టరు దానికో పేరు చెప్పాడు. ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. రోజూ కొంత రాలిపోతోంది. కారు నేనే నడుపుతున్నాను. ముప్ఫై ఏళ్ళు క్యారవాన్ వెనక నిలబడి "ఇటు, ఇటు, ఆపు!" అని చేతులూపడమే తప్ప స్టీరింగ్ ముట్టనిదాన్ని. ఇప్పుడు నేను వెనక్కి తిప్పుతుంటే లైల్ నా స్థానంలో నిలబడి చేతులూపుతున్నాడు. ఎటు ఊపుతున్నాడో ఇద్దరికీ తెలియదు. ఒకసారి చెత్తడబ్బాని గుద్దాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. తర్వాత నేను టాయిలెట్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఇల్లు ఎందుకమ్మానో కూడా చెప్తాను. ఆ ఇంట్లో తప్పిపోయేవాడు అక్కా. సొంతింట్లో. బాత్రూముకని బయల్దేరి నడవలో నిలబడిపోయి, గోడ తడుముకుంటూ నన్ను పిలిచేవాడు. క్యారవాన్‌లో తప్పిపోవడానికి చోటు లేదు. మంచం మీంచి చెయ్యి చాపితే కప్పు, రెండడుగులేస్తే టాయిలెట్టు. కిటికీలోంచి ఏ ఊరు కనపడినా లోపల మాత్రం ప్రతి పొద్దున్నా అదే ఇల్లు. దీపమున్నంతసేపూ తనెక్కడున్నాడో తనకి తెలుస్తుంది. చీకటైతే పోయింది. నన్ను దొంగననుకుంటాడు. బల్బు ఆరిపోయిన రాత్రి నా పెదవి చితికింది. తెల్లారాక దెబ్బ చూసి, "ఎవడే నిన్ను కొట్టింది? చెప్పు, వాణ్ణి పాతేస్తా" అని ఊగిపోయాడు.

క్యారవాన్ పార్కులో దిగి కరెంటు తగిలించుకోవచ్చుగా అంటావు. హాకర్‌లో దిగాం. అక్కడ వరసగా అన్నీ ఒకేలాంటి తెల్ల క్యారవాన్లు. పక్కవాళ్ళ దాంట్లోకి వెళ్ళి బూట్లతో సహా వాళ్ళ మంచమెక్కి పడుకున్నాడు. ఆవిడ అరుపులకి పార్కంతా లేచి వచ్చింది. మేనేజరు మర్యాదగానే వెళ్ళిపొమ్మన్నాడు. అప్పట్నుంచీ ఊళ్ళకి దూరంగా, ఒంటరిగా ఆగుతున్నాం.

ఆ బల్బు ఒక్కటీ వెలిగితే తనని నేను నెగ్గుకొస్తాను. ఆరితే నా వల్ల కాదు. నాకు అంతకంటే తెలియదు. నేను ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ వెనకే వచ్చి పీకేస్తున్నాడు. కారెక్కి బెల్టు పెట్టుకున్నాక కూడా "ఒక్క నిమిషం" అని దిగిపోతున్నాడు. ఏం చెయ్యనో చెప్పు.

హెడ్‌లైట్లు వేసుకునే నడుపుతున్నాను. ఎదురొచ్చే లారీలవాళ్ళంతా నేను మర్చిపోయాననుకుని లైట్లు కొట్టి చూపిస్తున్నారు. లైల్ ప్రతివాడికీ వేలెత్తి పలకరిస్తున్నాడు. "మనవాడే" అంటాడు. అందరూ మనవాళ్ళే.

నరెల్


రెన్‌మార్క్
జూన్ నెలాఖరు

చెల్లీ,

నీ ఉత్తరం చదివాను. డాక్టరు పేరు చెప్పిన రోజే నాకు చెప్పాల్సింది. రెండేళ్ళు ఒక్కదానివే మోశావా? నేనేం చచ్చిపోయానా?

తిట్లు తర్వాత. ముందు ప్లగ్గు.

మీ పాత కారుకి ఓ కటౌట్ డబ్బా ఉండేది, మీ బావే బిగించాడు. ఇంజిను ఆగగానే కారు బ్యాటరీకీ వెనక బ్యాటరీకీ మధ్య లైను తనంతట తనే తెంచేస్తుంది. మళ్ళీ స్టార్టు చేస్తే కలుపుతుంది. కారు మార్చినప్పుడు లైల్ దాన్ని విప్పి కొత్త కారుకి బిగించుకున్నాడని మీ బావ అనేవాడు. అది ఉన్నంతకాలం భయం లేదు. రాత్రంతా ఫ్రిజ్ తిన్నా వెనకదాన్నే తింటుంది గానీ కారు బ్యాటరీని ముట్టుకోదు. పొద్దున్నే కారు సెల్ఫ్ కొట్టి తీరుతుంది. అంటే లైల్ పీకాల్సిన అవసరమే లేదు. ఆ డబ్బాలు రాని రోజుల్లో అందరం ఆగగానే పీకేవాళ్ళం. అతని చేతులకి ఆ రోజులే గుర్తున్నాయి, అంతే.

ప్లాస్టిక్ పట్టీలు కొను. ప్లగ్గు రెండు సగాలూ కలిపి బిగించి కట్టెయ్, మిగిలిన తోక కత్తిరించెయ్. వేళ్ళతో ఊడదు.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకు. అతన్ని నువ్వు ఒంటి చేత్తో ఈడ్చుకుంటూ ఎంతకాలం తిరుగుతావే? ఇవాళ పెదవి, రేపు ఇంకేమిటి? ఇక్కడ నది ఒడ్డున మంచి హోము ఒకటుంది. చూసుకునేవాళ్ళున్నారు. వచ్చెయ్యండి. అతను అక్కడుంటాడు, నువ్వు నా దగ్గరుంటావు.

కోరల్


విలియం క్రీక్
ఆగస్టు మొదట్లో

అక్కా,

ముందు కోపం తీర్చుకోనీ. "అతను అక్కడుంటాడు, నువ్వు నా దగ్గరుంటావు." ఎంత తేలిగ్గా రాసేశావు! పాత సోఫానా, ఎక్కడో ఓ మూల పడెయ్యడానికి? బావకి ఆఖర్లో ఊపిరాడనప్పుడు నువ్వు ఆయన్ని ఎక్కడైనా పెట్టావా? ఎవరైనా ఆ మాటంటే చెప్పుచ్చుకుని కొట్టేదానివి. నా నోట నాలుక ఉండగా లైల్ హోముకి పోడు. ఇంకెప్పుడూ ఆ మాట రాయకు.

ప్లగ్గు కట్టేశాను.

సాయంత్రం ఆగగానే ఎప్పట్లాగే దిగి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వెళ్ళి చూస్తే మోకాళ్ళ మీద కూర్చుని లాగుతున్నాడు. గోరు విరిగి రక్తం కారుతోంది. "రావట్లేదు పిల్లా, చేతుల్లో బలం పోయింది" అన్నాడు. పట్టీ కట్టి ఉందని చూడలేదు. తన చేతులే పోయాయనుకున్నాడు. నేను నిజం చెప్పలేదు. "తీసేశావుగా, వచ్చి టీ తాగు" అన్నాను. నమ్మి లేచి వచ్చాడు. పెళ్ళయ్యాక తనతో నేనాడిన అబద్ధాల్లో ఇంత పాడుది లేదు.

మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. తర్వాత వెళ్ళడం మానేశాడు. ఆగగానే కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు.

కానీ ఫ్రిజ్ చల్లగా ఉంది అక్కా. బల్బు తెల్లవార్లూ వెలుగుతోంది. రోజూ కొద్దో గొప్పో నడుపుతున్నాను, పొద్దున్నే కారు ఒక్క తిప్పుకే స్టార్టవుతోంది. లైల్ నిద్రపోతున్నాడు. నేనూ నిద్రపోతున్నాను. ఇన్నాళ్ళూ నిద్రంటే ఏమిటో మర్చిపోయాను. నిన్న చల్లటి బీరు తాగుతూ, తను కుర్రాడిగా పనిచేసిన ఆ పాత రైలు లైను చూపించి స్టేషన్ల పేర్లన్నీ వరసగా చెప్పాడు, ఒక్కటీ తప్పకుండా. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వెవరమ్మాయివి, భలే ఉన్నావే" అన్నాడు. "నీ పెళ్ళాన్నే" అన్నాను. "అదృష్టవంతుణ్ణి" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక ఇంకో బీరు తీశాను.

నీ సలహా పనిచేసింది. దానికి దండం. రెండో సలహా నీ దగ్గరే ఉంచుకో.

నరెల్


రెన్‌మార్క్
సెప్టెంబరు

చెల్లీ,

ఆ మాట ఇక ఎత్తను. బల్బు వెలుగుతోందంటే సంతోషం.

నా మోకాలికి ఆపరేషన్ ఖాయమైంది. డిసెంబరులో, అడిలైడ్‌లో. అప్పటికి మీరిక్కడికి వస్తే మా పెరట్లోనే క్యారవాన్ పెట్టుకోవచ్చు, పక్కన ఇంకో క్యారవాన్ ఉండదు కాబట్టి తప్పిపోడు.

ఎండలు ముదురుతున్నాయి. యాత్రలకొచ్చినవాళ్ళంతా ఈపాటికి దక్షిణానికి దిగిపోయుంటారు, ఆ దారిలో మనిషన్నవాడు కనపడడు. ఇక తిరిగి రండి. ఇంకేం లేదు. లైల్ పూర్తి పేరు, పుట్టిన తేదీ, వాడే మందులు ఓ కాగితం మీద రాసి పంపు. ఊరికే, నా దగ్గరుంటే మంచిదని.

కోరల్


పోర్ట్ ఆగస్టా, ఆసుపత్రి
అక్టోబరు

కోరల్,

లైల్ బతికే ఉన్నాడు. అది ముందు చెప్తున్నాను, ఎందుకంటే ఇది చదువుతూ నువ్వు గుండె పట్టుకుంటావు. పట్టుకో. నాకు జాలి లేదు.

ఊడ్నడాటా దారిలో, పాత రైలు స్టేషను శిథిలాల దగ్గర ఆగాం. రోడ్డుకి బాగా లోపలికి. లైల్‌కి ఆ చోటు తెలుసు, గోడలు తడిమి చూసి మురిసిపోయాడు. తన ముచ్చట చూసి నేను బండి కదపలేదు. ఒక రోజు ఉందామనుకుని ఇంకో రోజు, ఆపైన ఇంకోటి. మండే ఎండ. ఫ్రిజ్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. తిరగనీ, కారు బ్యాటరీని ముట్టుకోదని మా అక్క చెప్పిందిగా అనుకున్నాను.

తెల్లవారుజామున బల్బు ఆరిపోయింది. తనని పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. వెలుగు రాగానే వెళ్ళి తాళం తిప్పాను. టిక్కుమనను కూడా లేదు. వెనక బ్యాటరీ చచ్చింది, దాంతోపాటు కారుదీ చచ్చింది. సాయానికి పిలుద్దామంటే మాట్లాడే రేడియో కూడా కారు బ్యాటరీ మీదే. ఫోనుకి అక్కడ సిగ్నల్ లేదు.

నీళ్ళున్నాయి. తిండి ఉంది. బండి దగ్గర్నుంచి కదలకూడదని ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఎవరో ఒకరు వస్తారని నీడలో కూర్చున్నాం. అప్పుడు లైల్ లేచాడు. బానెట్ ఎత్తాడు. లోపలికి చూశాడు, వెనక్కి నడిచి ప్లగ్గు చూశాడు. అక్కా, ఆ కాసేపూ తను తనే. రెండేళ్ళలో ఎప్పుడూ చూడని మొహం. నన్ను అడిగాడు: "ఎవరు కట్టేశారే దీన్ని?"

"నేనే" అన్నాను.

"ఆగగానే పీకాలని చెప్పానుగా పిల్లా. రెండూ కలిసే ఉన్నాయి. అందుకేగా నేను పీకేది."

తిట్టలేదు. నా తల నిమిరాడు. "పోన్లే, ఏదో ఒకటి చేద్దాం" అన్నాడు. రాత్రంతా నిద్ర లేదు నాకు. తను మామూలు మనిషయ్యాడన్న ధీమాతో, ఎన్నాళ్ళకో నా భారం ఇంకొకరు తీసుకున్నారన్న హాయితో, కుర్చీలోనే కళ్ళు మూసుకున్నాను. లేచేసరికి లేడు. బ్రెడ్డు కోసే కత్తితో పట్టీ కోసి, ప్లగ్గు పీకి, మూత పెట్టి, వైరు చుట్టి పెట్టి మరీ వెళ్ళాడు. బూట్లు మంచం కిందే ఉన్నాయి.

సాయంత్రం రోడ్డు చదునుచేసే బండి నడిపే వేన్ అనే అతను నన్ను చూశాడు. నేను రోడ్డు మీద నిలబడి అరుస్తున్నాను. అతని రేడియోతోనే అందరినీ పిలిచాడు. లైల్ పాత రైలు కట్ట వెంబడే నడిచాడు. తర్వాతి స్టేషనుకి వెళ్ళి చెప్తే మనుషులు వస్తారనుకుని ఉంటాడు. ఆ స్టేషను మూతబడి మనకి సగం జీవితం గడిచింది. కంకర మీద, ఆ ఎండలో, ఉత్త కాళ్ళతో. పాదాల కింద చర్మం లేదు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. విమానంలో ఇక్కడికి తెచ్చారు. ఇక నడవడన్నారు.

కారుని ఈడ్చుకొచ్చిన మెకానిక్ నాకు చూపించాడు. నీ కటౌట్ డబ్బా ఉంది. అలంకారానికి. దాని వైర్లు రెండూ ఊడదీసి ఒకే బోల్టుకి కలిపి బిగించేసి ఉన్నాయి. "ఎవరో తెలిసినవాళ్ళే చేశారమ్మా, కొత్త కారుకి ఈ డబ్బా కుదరక. ఇలా చేస్తే ఆగగానే ప్లగ్గు పీకెయ్యాలి మరి" అన్నాడు.

తెలిసినవాడే చేశాడు. తెలిసే పీకాడు. అన్నీ మర్చిపోయి కూడా నన్ను కాపాడే పని ఒక్కటీ మర్చిపోలేదు. ఆ ఒక్కదాన్నీ నువ్వు చెప్తే నేను కట్టేశాను.

నాకు రాయకు.

నరెల్


రెన్‌మార్క్
అక్టోబరు నెలాఖరు

నరెల్,

రాయకు అన్నావు. అయినా రాస్తున్నాను, చదవకుండా చింపేస్తావేమో నీ ఇష్టం.

నువ్వన్నది నిజం. బానెట్ ఎత్తి చూడకుండా చెప్పాను. కొత్త డైనమో చెయ్యి ముడుచుకుంటే ఆ పాత డబ్బా ఇంజిను ఆగిందనుకుని దారి మధ్యలోనే లైను తెంచేస్తుంది, అందుకని లైల్ దాన్ని తప్పించి ఉంటాడు. డైనమో గురించి నీకు పాఠం చెప్పినదాన్ని నేనే. ఆ రెండూ కలిపి ఆలోచించాల్సినదాన్నీ నేనే. ఆలోచించలేదు. మతి పోయినవాడి పనిలో అర్థమేముంటుందిలే అనుకున్నాను. వర్క్‌షాపులో కుర్రాడెవడైనా ఇలా చేసుంటే ఆ రోజే పంపేసేదాన్ని.

క్షమించమని అడగను. ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఒకేసారి తిట్టు. జూన్‌లో నీ ఉత్తరం చదివిన మర్నాడే వెళ్ళి హోములో లైల్ పేరు రాయించాను. నువ్వు వద్దన్నాక కూడా తీయించలేదు. పుట్టిన తేదీ అడిగింది అందుకే. నిన్న కబురొచ్చింది, గది ఖాళీ అయింది.

డాక్టర్లు నీకేం చెప్పారో నాకూ చెప్పారు. మంచం మీంచి లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. క్యారవాన్ మెట్టు ఎలా ఎక్కిస్తావే? ఆ మంచం దగ్గర ఇద్దరు నిలబడే చోటుందా?

సంతకం నీదే కావాలి. నేను పెట్టలేను, పెట్టగలిగినా పెట్టను.

కోరల్


రెన్‌మార్క్, నీ ఇల్లు
డిసెంబరు

అక్కా,

ఆపరేషన్ బాగా జరిగిందని అడిలైడ్ నుంచి నర్సు ఫోన్ చేసి చెప్పింది. చెప్పినట్టు విని పడుకో. కుంటుకుంటూ వార్డంతా తిరిగి అందరి ప్లగ్గులూ స్విచ్చులూ సరిచెయ్యకు. నీ చెట్లకి నీళ్ళు పోస్తున్నాను. ఫ్రిజ్‌లో నువ్వు పెట్టి వెళ్ళిన పులుసు తింటున్నాను. కోపం ఉందా అని అడిగావు. ఉంది. కానీ దాన్ని మోసే ఓపిక లేదు.

సంతకం పెట్టానని నీకు తెలుసు. నా నోట నాలుక ఉండగా పోడన్నాను. ఉంది, పోయాడు.

హోములో వాళ్ళు మంచివాళ్ళే. ఒంటి మీద చెయ్యి వేసే ముందు "లైల్, ఇప్పుడు లేపుతున్నాం" అని చెప్పి మరీ వేస్తారు. గది నది వైపు. శుభ్రంగా ఉంది. తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని మొదటి వారం అంతా వెతికాను. దొరకలేదు.

తనకి అన్నీ పోయాయి. నువ్వెవరో తెలియదు. బావ లేడు. రైల్వే లేదు, స్టేషన్ల పేర్లు లేవు. చెంచా చేతికిస్తే దేనికో తెలియదు. నిన్న తన పేరు అడిగితే చాలాసేపు వెతుక్కుని, నర్సు చొక్కా మీదున్న పేరు చదివి చెప్పాడు.

నేనొక్కదాన్నే పోలేదు.

తలుపు దగ్గర నా అడుగు పడగానే తల తిప్పుతాడు. "వచ్చావా పిల్లా" అంటాడు. కోటు ఇమ్మంటాడు. ఈ ఎండల్లో కోటేమిటని అడగను, ఇస్తాను. చేతులు తొడుగుతాను. "పద" అంటాడు.

"ఇవాళ కాదు. రేపు."

"రేపు తప్పకుండా?"

"తప్పకుండా."

సరేనంటాడు. గొడవ చెయ్యడు, ఏడవడు. గొడవ చేస్తే బాగుండేది. నేను వచ్చేశాక కోటు విప్పనివ్వడట. తలుపు వైపు చూస్తూ కూర్చుంటాడట. ఎవరు అటుగా వెళ్ళినా, "మా ఆవిడ బండి తేవడానికి వెళ్ళింది, వచ్చేస్తుంది" అని చెప్తాడట. అన్నం పెడితే, "వద్దమ్మా, మేం బయల్దేరుతున్నాం" అంటాడట.

మర్నాడు వెళ్తే మళ్ళీ, "వచ్చావా పిల్లా." నిన్న నేను మోసం చేశానని గుర్తుండదు. నేను గుర్తుంటాను.

ఇవాళ డాక్టరు వరండాలో నన్ను కూర్చోబెట్టి చాలా నెమ్మదిగా చెప్పాడు. "ఇంకొన్నాళ్ళకి మిమ్మల్ని కూడా మర్చిపోతారమ్మా. మనసు గట్టిచేసుకోండి" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. పాపం, ఆ మాటకే భయపడ్డాననుకుని మంచినీళ్ళు తెప్పించాడు.

రెండేళ్ళు, తను నన్ను మర్చిపోయే ఆ రోజు రాకూడదని మొక్కుకున్నదాన్ని అక్కా. డాక్టరు చెయ్యి పట్టుకుని, అది తొందరగా వచ్చేలా ఏదైనా చెయ్యగలరా అని అడిగాను.

నరెల్